మా ఆవిడకు బలం పట్టించిన వైనం

నా భార్య మాణిక్యాంబ బలం ఎక్కువై పోయింది. ఇది తేలిపోయిన విషయం. దీని మీద ఎవరితోనూ వాదన పెట్టుకోను.

నీరసంతో పోయిందని మీరనుకుంటున్నారు. మొన్న జనవరిలో మన సంఘం వాళ్ళంతా ఢిల్లీ కటవారియా సరాయ్‌లో మా రెండంతస్తుల మెట్లెక్కి వచ్చారు. గుమ్మం ముందు చెప్పులు విడిచారు. "బొత్తిగా నీరసించిపోయిందండీ, పాపం" అని వెళ్ళారు. తప్పు. మా ఇంట్లో నీరసానికి చోటెక్కడ? మంచం కింద బలం. బీరువా మీద బలం. వంటింట్లో ఉప్పు జాడీకి అటూ ఇటూ బలం. సీసాల్లో బలం, పొట్లాల్లో బలం, రేకు డబ్బాల్లో బలం! ఆవిడ మంచం దిగాలంటే ముందు కాలితో బలాన్ని పక్కకు జరుపుకోవాల్సి వచ్చేది.

అంత బలం ఆవిడకు చేర్చినవాళ్ళు నలుగురు. నలుగురూ మంచి ఉద్దేశంతోనే చేర్చారు. పేర్లతో సహా రాస్తాను. పేర్లు వద్దని మన సంఘం పత్రిక సంపాదకులు అన్నారు. పేర్లు లేకపోతే వ్యాసమే లేదన్నాను. ఆయన దగ్గర రెండు పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఒప్పుకున్నారు.

ముందు ఒక సంగతి మీరు ఒప్పుకోవాలి. ఈ ఢిల్లీలో నీళ్ళు పొద్దున గంటసేపు వస్తాయి. కరెంటు దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది. బస్సు వస్తుంది కానీ ఆగదు. ఇరవై నాలుగు గంటలూ ఆగకుండా వచ్చేది సలహా ఒక్కటే! డాక్టరు కావాలంటే చీకటితో లేచి లైన్లో నిలబడాలి, చీటీ రాయించుకోవాలి, బెంచీ మీద కూర్చుని పక్కవాడి దగ్గు వినాలి. సలహాకు లైను లేదు. మీరు మంచం మీద ఉంటే అదే మెట్లెక్కి వస్తుంది. వట్టి చేతులతో రాదు, సీసా పట్టుకుని వస్తుంది. మీరు మూత తీసేదాకా కదలదు. ఇంతకు మించిన వరం ఏముంది?

ఈ వరం మాకు తొంభై ఐదులో దక్కింది.

అప్పటిదాకా మాణిక్యాంబకు గొంతుండేది. రెండో అంతస్తు పిట్టగోడ దగ్గర నిలబడి "ఓ భయ్యా! భిండీ హై?" అని కేకేస్తే సందు చివర కూరల బండి ఆగేది. ముప్ఫై ఏళ్ళు ఢిల్లీలో ఉండి ఆవిడ నేర్చిన హిందీ కూరగాయల హిందీయే. దానితోనే కాపురం నడిపింది. ఆ ఏడు గొంతు బొంగురుపోయింది. బండివాడు ఆగకుండా పోవడం మొదలుపెట్టాడు. ఆవిడ పళ్ళెం మీద గరిటెతో కొట్టి పిలవడం మొదలుపెట్టింది. సందులో అద్దె గదుల్లో చదువుకునే కుర్రాళ్ళు ఇదేదో గుడి గంట అనుకుని లెంపలేసుకునేవాళ్ళు.

తర్వాత మొహం ఉబ్బింది. కనుబొమలు పలచబడ్డాయి. మే నెలలో నేను బనీనుతో కూలరు ముందు కూర్చుంటే, ఆవిడ స్వెట్టరు వేసుకుని కూలరు ఆపమనేది. ఒక మాట మొదలుపెట్టి, దాన్ని పూర్తి చేయడానికి సగం పూట తీసుకునేది.

పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. పరీక్షలు చేశారు. మెడలో థైరాయిడ్ అనే గ్రంథి పని మానేసిందన్నారు. గవర్నమెంటు ఉద్యోగి భార్య గ్రంథి! పని మానేయడంలో వింతేముంది?

ఒక మాత్ర రాశారు. రోజుకొకటి. బతికినంతకాలం. ఆ మాత్రను మీరు చూడాలి. కందిపప్పు బద్దంత ఉంది. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. అంత చిన్నదాని మీద ఎవరికైనా గౌరవం ఎలా కలుగుతుంది? మనవాళ్ళం దేన్నయినా సైజు చూసి గౌరవిస్తాం. చెంచాకు అంటుకునే నల్లటి టానిక్కును గౌరవిస్తాం. గొంతులో అడ్డం పడే సున్నం బిళ్ళను గౌరవిస్తాం. పప్పు బద్ద ఏం చేస్తుంది? అది ఒంటరిది. దానికి తోడు కావాలి. బలగం కావాలి. నలుగురు పూనుకున్నది అందుకే.

ఆ రోజు ఆసుపత్రిలో డాక్టరమ్మ హిందీలో గబగబా ఏదో చెప్పింది. నేను రక్తపరీక్ష రసీదు కోసం జేబులు వెతుక్కుంటున్నాను. తర్వాత తల ఎత్తకుండా చాలాసేపు రాసింది. అంత చిన్న మాత్రకు అంత రాత దేనికో! తిరిగి వస్తూంటే బస్సులో కిటికీ పక్కన కూర్చుని మాణిక్యాంబ నన్నొక మాట అడిగింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇల్లు చేరగానే నేను చేసిన మొదటి పని ఆ మందుల చీటీని అట్ట మీద అంటించడం.

నవ్వకండి. నేను ఒక మంత్రిత్వ శాఖలో ముప్ఫై ఒక్క ఏళ్ళు డిస్పాచ్ గుమాస్తాగా చేసినవాణ్ణి. కవర్లు అంటించడం, చీటీలు అంటించడం, చిరిగిన కాగితాన్ని అతికించి సెక్రటరీ దాకా పంపడం నా వృత్తి. నా చేతిలో అంటుకున్న కాగితం మళ్ళీ ఊడలేదు. దానికి ముందు మా ఊరి బళ్ళో కోటయ్య మాస్టారి దగ్గర చదివాను. కాగితం నలిగితే వీపు పగిలేది. అందుకని మా ఇంట్లో రేషన్ కార్డు అట్ట మీద ఉంటుంది. గ్యాస్ కనెక్షన్ కాగితం అట్ట మీద ఉంటుంది. నా పెన్షన్ ఆర్డరు అట్ట మీద ఉంటుంది. మందుల చీటీకి పాత క్యాలెండరు అట్ట కోసి, మైదాపిండి జిగురు ఉడికించి అట్టకు పూసి, చీటీ దాని మీద పరిచి, మూలలు నొక్కి, ట్రంకుపెట్టె కింద ఒక రోజంతా అణిచి ఉంచాను. మర్నాటికి తలుపు రెక్కలా తయారైంది. చిల్లు పొడిచి, దారం కట్టి, వంటింటి గుమ్మం పక్కన మేకుకు తగిలించాను.

ఇక బలం సంగతి.

మొదటి దాత ఇంద్రాణి. మా కింది వాటా. విజయనగరం వైపు పిల్ల. భర్త ఆర్మీలో సుబేదారు, కంటోన్మెంటులో క్వార్టరు దొరికేదాకా ఇక్కడ అద్దెకున్నారు. ఆవిడ నన్ను అంకుల్ అంటుంది, మాణిక్యాంబను ఆంటీ అంటుంది. పొద్దున్నే రెండు డబ్బాలతో పైకి వచ్చింది.

"అంకుల్, ఇది కాల్షియమండి, ఇదేమో ఐరన్. ఆంటీ మెట్లెక్కడానికే ఆయాసపడిపోతున్నారు కదా, నేను చూళ్ళేక మా ఆయన్ని పంపించి మిలిటరీ డాక్టరు గార్ని అడిగించానండి. అయితే అంకుల్, ఇవి మాత్రం..."

ఇంకా ఏదో చెబుతోంది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. నేను లోపలికి పరిగెత్తాను. "ఠీక్ హై, ఠీక్ హై, నేను చూసుకుంటాను" అన్నాను. డబ్బాలు రెండూ బీరువా ఎక్కాయి.

ఆహా, ఏమి మాత్రలు! ఒక్కోటి చిక్కుడు గింజంత. మాణిక్యాంబ అరచేతిలో పోస్తే చెయ్యి నిండుగా కనిపించింది. పప్పు బద్ద వాటి మధ్య ఎక్కడో దాక్కుంది.

రెండో దాత సదాశివరావు. సాకేత్‌లో సొంత ఫ్లాటు. అకౌంటు ఆఫీసులో రిటైరై, ఆరోగ్యం మీద పడ్డాడు. మన సంఘం వార్షికోత్సవంలో ఈయన ఉపన్యాసం విని మీలో సగం మంది నిద్రపోయారు. తక్కిన సగం మంది సోయా కొన్నారు.

"భీమశంకరంగారూ! చైనా వాళ్ళను చూడండి! ఒక్కడికైనా మోకాలి నొప్పుందా? ఒక్కడికైనా థైరాయిడ్ ఉందా? ఎందుకు లేదు?"

"ఎందుకు లేదు?" అన్నాను.

"సోయా!"

ఆయన చైనా వెళ్ళలేదు. చాణక్యపురిలో వాళ్ళ ఎంబసీ గోడ దాకా వెళ్ళాడు. మనకు ఆ మాత్రం చాలదూ? మర్నాడు ఆటోలో సంచీతో దిగాడు. సోయా పిండి, సోయా వడియాలు, సోయా పాలపొడి. పొద్దున కాఫీలోకి పాలపొడి, దాని వెనకే సోయా రొట్టె. సాంబారులో వడియాలు తేలుతుంటే మాణిక్యాంబ గరిటెతో వాటిని పక్కకు నెట్టేది. "స్పాంజి ముక్కల్లా ఉన్నాయండీ, ఇవి వద్దండీ" అనేది.

"బలం," అన్నాను నేను.

తినేది.

మూడో దాత మా ఇంటి ఓనరు తల్లి. అందరూ బీజీ అంటారు. ఎనభై దాటిన పంజాబీ మనిషి. ఈవిడ సలహా ఒక్క ముక్క. "బేటా, దూద్ పిలా!" పాలు తాగించమని. మందు నీళ్ళతో మింగితే నీళ్ళతోనే పోతుందట, పాలతో మింగితే ఎముకలకు పడుతుందట. బాదం పప్పు నూరిన ముద్ద గిన్నెలో పెట్టి, చున్నీ కొంగు కప్పి, వారానికొకసారి మెట్లెక్కి తెచ్చేది. మెట్లు దిగడానికి ఆవిడకు పావుగంట పట్టేది. అంత శ్రమపడి తెచ్చినదాన్ని కాదనడానికి నేను రాక్షసుణ్ణా?

ఇలా బలం సిద్ధమైంది. దాన్ని ఎప్పుడు ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి? ఇక్కడే నా సర్వీసు పనికొచ్చింది. డిస్పాచ్‌లో మొదటి సూత్రం ఒకటుంది. ఒకే చిరునామాకు వెళ్ళే టపాలన్నీ ఒకే కవర్లో పెట్టు. పొద్దుటొకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి పంపేవాడు గుమాస్తా కాడు, సోమరి. మాణిక్యాంబ ఒక్కటే చిరునామా. అందుకని అన్నీ ఒకేసారి!

పొద్దున ఆరింటికి పాల బూత్ దగ్గర లైన్లో ఉండేవాణ్ణి. టోకెన్ వేసి, క్యాను నింపి, ఆరూ ఇరవైకి ఇంట్లో. ఆరున్నరకు పాలు కాగేవి. గ్లాసులో బాదం ముద్ద, దాని మీద వేడి పాలు. సీసా మూతలో మాత్రలు: పప్పు బద్ద, ఐరను, కాల్షియం, వరసగా. మాణిక్యాంబ మంచం మీద లేచి కూర్చునేది. నోరు తెరిచేది. నేను వేసేవాణ్ణి. గ్లాసు పట్టేవాణ్ణి. మూడేళ్ళలో ఒక్క రోజు తప్పలేదు. రైల్వే వాళ్ళు వచ్చి చూసి నేర్చుకోవాల్సినంత టైము!

ఫలితం? అద్భుతం! మొదటి ఏడు చివర రక్తపరీక్షలో దిగాల్సిన అంకె దిగలేదు, ఎక్కింది. డిస్పెన్సరీలో డాక్టరు డోసు రెట్టింపు చేశాడు. రెండో ఏడు మళ్ళీ ఎక్కింది. మూడింతలు చేశాడు. మాణిక్యాంబ ఇంకా ఉబ్బింది. ఇంకో స్వెట్టరు తొడిగాం. జుట్టు దువ్వెనకే ఎక్కువ, తలకు తక్కువ. పళ్ళెం మీద గరిటెతో కొట్టే ఓపిక కూడా పోయింది. కూరల బండి పిలుపు లేకుండానే వెళ్ళిపోయేది. దిగి వెళ్ళి నేనే కొనేవాణ్ణి. నాకు ముదురు బెండకాయలు అంటగట్టేవాడు.

డిస్పెన్సరీలో ప్రతిసారీ డాక్టరు మారేవాడు, ప్రశ్న మారేది కాదు.

"దవాయీ రోజ్ లేతీ హైఁ?"

"రోజ్, డాక్టర్ సాబ్. మైఁ అప్నే హాథ్ సే దేతా హూఁ."

రోజూ వేసుకుంటోందా అని ఆయన అడగడం, నా చేత్తో నేనే ఇస్తున్నానని నేను చెప్పడం. ఆ మాట చెప్పేటప్పుడు నాకు ఛాతీ కాస్త పొంగేది. దేనితో ఇస్తున్నావని ఆయన అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు రాయకూడదన్నది సర్వీసు పద్ధతి. నేను చెప్పలేదు.

ఒక కుర్ర డాక్టరైతే నా అట్టను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ ఊపి, "వాహ్! క్యా సంభాల్ కే రఖా హై!" అన్నాడు. ఎంత భద్రంగా దాచావయ్యా అని! పక్క గదిలో కాంపౌండరును పిలిచి చూపించాడు. ఇంటికి వచ్చి ఆ సంగతి మాణిక్యాంబకు చెప్పాను. నవ్వింది. ఆ నవ్వు మొహమంతా పాకడానికి చాలాసేపు పట్టింది.

ఇన్ని డోసులు ఎక్కడికి పోతున్నాయో ఎవరికీ తట్టలేదు. నాకు మాత్రం ఎందుకు తట్టాలి? తట్టే పని నాది కాదు. అంటించే పని నాది.

పోయిన డిసెంబరులో ఆవిడకు ఆయాసం వచ్చింది. గుండె చుట్టూ నీరు చేరిందన్నారు. ఆసుపత్రిలో పదిరోజులుంచి ఆ నీరు తీశారు, ఇంటికి పంపారు. అక్కడా నర్సులు ఇవ్వబోతే నేను ఒప్పుకోలేదు. మందు నేనే ఇచ్చాను, నా పాలతో, నా టైముకు. జనవరిలో ఎండ వచ్చిన రోజున డాబా మీద నులకమంచం వేసి కూర్చోబెట్టాను. రెండు స్వెట్టర్లు, శాలువ, నా మంకీ క్యాపు.

"ఏమండీ," అంది. "ఒక గ్లాసుడు ఒట్టి మంచినీళ్ళు తెచ్చిపెడతారా?"

"పాలుండగా నీళ్ళెందుకే?" అన్నాను.

కిందికి దిగి పాలు వెచ్చబెట్టి తెచ్చాను. తెచ్చాను కాబట్టి తాగింది. గ్లాసు నా చేతికిచ్చింది. ఎండలో అలాగే కళ్ళు మూసుకుంది. కునుకు తీస్తోందనుకుని గ్లాసు కడగడానికి వెళ్ళాను.

మీరంతా వచ్చింది ఆ సాయంత్రమే.

*

ఇంతవరకూ చదివి, ఈ పెద్దాయన ఇంద్రాణి మీదా సదాశివరావు మీదా కక్ష కట్టాడనుకుంటున్నారు. కట్టాను! దాచేదేం లేదు. వాళ్ళిచ్చిన బలం మనిషిని నిలబెట్టలేదని ఆర్నెల్లు వాళ్ళతో మాట్లాడలేదు. బీజీ మెట్ల మీద ఎదురైతే గోడవైపు తిరిగాను. మొన్న జూలై దాకా నా లెక్క సరిగ్గానే ఉంది.

జూలైలో వానలకు వంటింటి గోడ చెమ్మెక్కింది. చెమ్మ మేకు దాకా దిగింది. ఒకరోజు పొద్దున కాఫీ పెట్టుకుంటుంటే ఏదో జారిన చప్పుడైంది. చూస్తే అట్ట మేకుకు వేళ్ళాడుతోంది. మందుల చీటీ అట్ట నుంచి ఊడి నేల మీద బోర్లా పడి ఉంది. నా చేతిలో అంటుకున్న కాగితం ఊడడం నా జన్మలో అదే మొదటిసారి.

వెనకవైపు రాసి ఉంది.

అంతా రాసి ఉంది. ఆ డాక్టరమ్మ తల ఎత్తకుండా రాసిన రాత. మైదా కొంత తినేసింది, మిగిలింది చదవడానికి నా చదువు చాలు. ఈ మాత్ర పరగడుపున వేసుకోవాలి. ఒట్టి నీళ్ళతో మింగాలి. తర్వాత గంటసేపు ఏమీ తినకూడదు, తాగకూడదు. పాలు వద్దు, కాఫీ వద్దు. ఐరను, కాల్షియం ఎవరైనా ఇస్తే నాలుగు గంటలు ఎడం ఉండాలి. సోయా తింటుంటే నాకు చెప్పాలి. ఇవి మాత్రను పేగులోనే పట్టేసుకుంటాయి, ఒంట్లోకి పోనివ్వవు. కింద గీత కూడా గీసింది, రెండుసార్లు.

ముందువైపు మూలన ఒక బాణం గుర్తుంది. కాగితం తిప్పి చూడమని. మూడేళ్ళు ఆ బాణాన్ని రోజూ చూశాను. డాక్టరమ్మ సంతకానికి తోక అనుకున్నాను.

మూడేళ్ళలో ఆరుగురు డాక్టర్లు ఆ చీటీ చూశారు. ఒక్కడూ వెనక్కి తిప్పలేదు. ఎలా తిప్పుతారు? వెనక క్యాలెండరు అట్ట ఉంది. ఎంత భద్రంగా దాచానో!

ఇప్పుడు తెలిసింది కదా, ఆ డోసులన్నీ ఎక్కడికి పోయాయో. పప్పు బద్దను పొద్దున్నే లోపలికి పంపడం, వెనకాలే పాలూ బాదమూ ఐరనూ కాల్షియమూ సోయా రొట్టే కలిసి దాన్ని పేగులో ఘెరావ్ చేయడం. ఆవిడ కడుపులో రోజూ ధర్నా నడిచింది. పోలీసు బందోబస్తుతో సహా ఏర్పాట్లు నావి.

ఆ కాగితం పట్టుకుని నేను కిందికి దిగాను. ఎందుకు దిగాను? తప్పు ఒప్పుకోవడానికా? కాదు. ఇంద్రాణిని నిలదీయడానికి! "చూడు, నీ కాల్షియం ఏం చేసిందో చదువు!" అని ఆ కాగితం ఆవిడ మొహం ముందు పెట్టాను. ఆవిడ తలుపు పట్టుకుని చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"అంకుల్," అంది, "ఆ కాల్షియం, ఐరన్ మధ్యాహ్నం అన్నం తిన్నాక వెయ్యాలని ఆ రోజే చెప్పానండి. మా డాక్టరుగారు మరీ మరీ చెప్పమన్నారు. మీరు పాలు పొంగుతున్నాయని లోపలికెళ్ళిపోయారు. తర్వాత ఆంటీకీ చెప్పాను."

"ఆవిడకు చెప్పావా?"

"చెప్పానండి. ఆంటీకి ముందే తెలుసు. పరగడుపునే వేసుకోవాలట అంకుల్, ఆ ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పిందట, ఆంటీ విన్నారట. మరి అంకుల్‌తో చెప్పండి అన్నాను. చెప్పాను తల్లీ, ఆయన ఒప్పుకోరు, పోనీలే, అంత ఇష్టంగా చేస్తున్నారు కదా అన్నారు."

అని ఆవిడ ఏడ్చింది. నేను పైకి వచ్చేశాను.

బస్సులో మాణిక్యాంబ నన్నడిగిన మాట తర్వాత చెబుతానన్నాను. ఇదీ ఆ మాట.

"ఏమండీ, ఖాలీ పేట్ అని కదూ ఆవిడ అంది? అంటే పరగడుపునేగా?"

నేనేమన్నానో కూడా రాస్తాను. "ముప్ఫై ఏళ్ళుగా కూరల బండివాడితో తప్ప ఎవడితోనూ హిందీ మాట్లాడని దానివి, డాక్టరు హిందీ నీకర్థమైందీ, నాకర్థం కాలేదూ? పరగడుపున మందేస్తే పేగులు మాడిపోతాయి. మా ఊళ్ళో పశువుల కాపరికి కూడా తెలుసు. నువ్వు కిటికీలోంచి బయటికి చూడు."

చూసింది. ఇల్లు చేరేదాకా బయటికే చూసింది. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ నన్నడగలేదు. మూడేళ్ళు రోజూ ఆరున్నరకు నోరు తెరిచింది.

కాబట్టి బలం వల్ల పోయిందన్న నా మొదటి మాట నిలబడింది. బలం ఎవరిదన్నదే కాస్త మారింది.

నా లెక్కలోంచి ఇంద్రాణి పేరు కొట్టేశాను. సరిగ్గా చెప్పిన మనిషి. సదాశివరావు పేరు కొట్టేయను కానీ, ఆయన సోయా ఇచ్చాడు, నోట్లో పెట్టలేదు. బీజీకి ఎనభై దాటాయి, మా చీటీ ఆవిడ చూడలేదు. నలుగురని రాశాను కదా, నాలుగో పేరు ఈ వ్యాసం కింద సంపాదకులు అచ్చు వేస్తారు. ఎప్పుడూ వేసే చోటే.

ఇక మీ సంగతి. మీ ఇళ్ళలో ఇలాంటి చిన్న మాత్ర వేసుకునే మనిషి ఉంటే, చీటీ తిప్పి చూడండి. వెనక ఏమీ లేకపోతే డాక్టరును అడగండి, దేనితో, ఎప్పుడు, దేనికి ఎంత ఎడంగా అని. మా సర్వీసు పద్ధతి పాటించకండి, అడగని ప్రశ్నకు కూడా జవాబు చెప్పండి. అన్నిటికన్నా ముందు, మాత్ర మింగే మనిషిని అడగండి. ఆవిడ విని ఉంటుంది. మనందరికన్నా బాగా విని ఉంటుంది. దీన్ని సలహా అనుకుంటే అనుకోండి. ఇన్నేళ్ళు తీసుకున్నాం కదా, ఒకటి ఇచ్చాను.

కూరల బండివాడు ఇప్పటికీ మా పిట్టగోడ కింద ఒక్క క్షణం ఆగి పైకి చూస్తాడు. నేను కిందికి చూడను.

ఈ విషయం ఇక్కడితో సరి. దీన్ని గురించి ఇదే రాశాను, ఇక రాయను, మాట్లాడను. సంతాప సభలో అడిగినా మాట్లాడను, సంఘం మీటింగులో అడిగినా మాట్లాడను. ఉత్తరాలు రాయకండి, విప్పను. ఎవరైనా మెట్లెక్కి వస్తే రండి, కూర్చోండి. ఆవిడ పేరు ఎత్తకండి. ఒక గ్లాసుడు ఒట్టి మంచినీళ్ళిస్తాను. తాగి దిగిపోండి.

— భీమశంకరం